కలకత్తా చెమ్మ, తుపాకీ గొట్టం



నేను కలకత్తాలో వాట్‌గంజ్ వాసిని. ఖిదిర్‌పూర్ రేవును ఆనుకుని హుగ్లీ నది దగ్గర ఉన్న పాత పేట ఇది. గార్డెన్‌రీచ్‌లో రైల్వే ఆఫీసు ఉండటంతో ఈ చుట్టుపక్కల మన తెలుగు మాట చాలా కాలంగా వినిపిస్తూనే ఉంది. పేటకు పేరిచ్చినవాడు కర్నల్ హెన్రీ వాట్సన్. ఈస్టిండియా కంపెనీకి బెంగాల్‌లో ముఖ్య ఇంజనీరుగా పనిచేశాడు. ఇక్కడే ఓడలు కట్టే కార్ఖానా పెట్టి, 1781లో 'నాన్‌సచ్' అనే ఓడను నీళ్లలోకి దించాడు.

ఆ ముందటేడు, 1780 ఆగస్టు 17 తెల్లవారుజామున, ఇక్కడికి దగ్గర్లోని అలీపూర్‌లో ఒక ద్వంద్వయుద్ధం జరిగింది. గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ ఒకవైపు, ఆయన కౌన్సిల్లోనే సభ్యుడైన ఫిలిప్ ఫ్రాన్సిస్ ఇంకోవైపు పిస్తోళ్లు పట్టుకుని నిలబడ్డారు. ఫ్రాన్సిస్ తరఫున సాక్షిగా వచ్చినవాడు మన వాట్సన్. హేస్టింగ్స్ తరఫున వచ్చినవాడు కర్నల్ పియర్స్. ఫ్రాన్సిస్ మీట నొక్కితే పిస్తోలు పేలలేదు. అందులోని మందు చెమ్మెక్కింది. మార్చి పోసుకుందామంటే వాళ్ల దగ్గర వేరే మందు లేదు. పియర్సే తన దగ్గరున్న తూటా ఒకటి ఇచ్చాడు. ఆ మందుతో మళ్లీ సిద్ధమయ్యాక ఇద్దరూ కాల్చుకున్నారు. ఫ్రాన్సిస్‌కు పక్కలో గుండు తగిలింది, ప్రాణం మాత్రం దక్కింది.

బెంగాల్ ముఖ్య ఇంజనీరే పక్కన నిలబడి ఉండగా మందు తడిసిపోయిందంటే, ఆగస్టు నెల కలకత్తా గాలి ఎలాంటిదో అర్థమవుతుంది. జూలై, ఆగస్టు నెలల్లో ఈ ఊరి గాలిలో తేమ సగటున 80 శాతం దాటుతుంది. ఆ తేమ కాల్చకముందు మందును పాడుచేస్తుంది, కాల్చిన తరవాత గొట్టాన్ని తినేస్తుంది. ఈ రెండో పని గురించే ఈ పూట మాట్లాడతాను. తుపాకీ పేలాక గొట్టంలో ఏం మిగులుతుంది, దాన్ని ఎలా పోగొట్టాలి అన్నది విషయం. చిన్న పనే అనిపిస్తుంది గాని, మా ఊళ్లో ఈ చిన్న పని ఒకసారి దేశ చరిత్రనే కదిలించింది.

ముందు పాతకాలపు నల్ల తుపాకీమందు సంగతి. సురేకారం 75 పాళ్లు, బొగ్గు 15 పాళ్లు, గంధకం 10 పాళ్లు కలిపి నూరితే నల్ల తుపాకీమందు. సురేకారం ఎక్కువగా బీహార్ నుంచి వచ్చేది, కలకత్తా రేవు నుంచే విదేశాలకు ఓడలెక్కేది. నల్ల తుపాకీమందు అంటుకుంటే మొత్తం గాలిగా మారిపోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. అందులో కొంత తెల్లటి దట్టమైన పొగగా బయటికి పోతుంది, తక్కింది గొట్టం గోడలకు పట్టుకుంటుంది. ఆ మడ్డిలో బొగ్గునుసి ఉంటుంది, గంధకపు లవణాలుంటాయి, పొటాషియం కార్బొనేట్ ఉంటుంది. పొడిగాలిలో అయితే అది పెంకులా గట్టిపడుతుంది. చెమ్మగాలిలో అయితే నీళ్లు పీల్చుకుని నల్లటి బురదలా తయారై, ఇనుముకు తుప్పు పట్టిస్తుంది.

లోపల నున్నగా ఉండే పాత మస్కెట్ గొట్టానికి ఈ మడ్డి పెద్ద అడ్డంకి కాదు. గుండును గొట్టం కంటే బాగా సన్నగా పోసేవారు, కాబట్టి కాస్త మడ్డి పట్టినా దిగిపోయేది. రైఫిల్ అలా కాదు. రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి. గుండు ఆ గాడులను పట్టుకుని గిరగిరా తిరుగుతూ బయటికి రావాలి. అలా తిరిగితేనే గాలిలో నిలకడగా పోతుంది. గాడులను పట్టుకోవాలంటే గుండు గొట్టానికి బిగువుగా సరిపోవాలి. బిగువుగా ఉన్న గుండును మడ్డి పట్టిన గొట్టంలోకి మూతి వైపు నుంచి చువ్వతో కూరాలంటే పది పన్నెండు తూటాలు కాల్చేసరికి చేతులు నొప్పిపెడతాయి. యుద్ధం మధ్యలో గొట్టం కడుక్కుంటూ కూర్చునే తీరిక ఉండదు. రైఫిల్ ఎంత మంచిదని తెలిసినా, మామూలు సైనికుడి చేతికి రావడానికి అంత ఆలస్యమైంది ఈ చిక్కువల్లే.

1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఈ చిక్కుకు రెండు ఉపాయాలతో వచ్చింది. దాని గొట్టం 39 అంగుళాల పొడవు, లోపలి వ్యాసం అంగుళంలో 577 వేల వంతులు, గాడులు మూడు. మొదటి ఉపాయం గుండులో ఉంది. గుండును కొంచెం సన్నగా పోసి అడుగున గుంట పెట్టారు. మందు పేలిన ఒత్తిడికి సీసం విప్పుకుని గాడుల్లోకి దిగుతుంది. రెండో ఉపాయం కాగితపు తూటాలో ఉంది. గుండు ఉన్న కొస కాగితానికి కొవ్వు పూశారు. గుండు దిగేటప్పుడూ పైకి వచ్చేటప్పుడూ ఆ కొవ్వు గొట్టమంతా పట్టి, మడ్డి పెంకు కట్టకుండా మెత్తగా ఉంచుతుంది. మెత్తబడ్డ మడ్డిని తరవాతి గుండు తనతోపాటు గీసుకుపోతుంది. అంటే గొట్టాన్ని శుభ్రం చేసే పనిని తూటాకే అప్పగించారన్న మాట. ఇంజనీరింగ్ లెక్కన ఇది ఎంతో తెలివైన ఏర్పాటు. నేను దీన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

ఆ కొవ్వు మన ఎండకూ మన వానకూ నిలుస్తుందా అని కంపెనీ వారికి అనుమానం వచ్చింది. 1853లో కొవ్వు పూసిన తూటాలను పరీక్ష కోసం ఇండియాకు పంపారు. ఫోర్ట్ విలియంలో, కాన్పూరులో, రంగూన్‌లో సిపాయిల తూటాసంచుల్లో నెలల తరబడి ఉంచి, కొవ్వు కరుగుతోందా, ఎండుతోందా, మందులోకి ఇంకుతోందా అని చూశారు. ఫోర్ట్ విలియం మా వాట్‌గంజ్ నుంచి టాలీ నాలా దాటి హేస్టింగ్స్ మీదుగా నడిచి వెళ్లగలిగినంత దగ్గర. ఆ కోటలో ఈ పరీక్ష జరిగిన సంగతి ఇక్కడివాళ్లకు కూడా పెద్దగా తెలియదు. బెంగాల్ సైన్యపు అడ్జుటెంట్ జనరల్ కర్నల్ టకర్ అప్పుడే ఒక హెచ్చరిక రాశాడు. ఆ కొవ్వులో సిపాయిల కులమతాలకు అభ్యంతరమైనదేదీ లేదని తేలేదాకా వాటిని దేశీయ పటాలాలకు ఇవ్వవద్దన్నాడు. ఆ ఉత్తరాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

1856లో ఫోర్ట్ విలియం ఆయుధాగారం సొంతంగా ఈ తూటాలు చేయడం మొదలుపెట్టింది. మైనం, పశువుల కొవ్వు కలిపి పూశారు. కొవ్వు కంట్రాక్టరు సరఫరా చేశాడు. అది ఏ పశువు కొవ్వో ఆయుధాగారం అధికారులు అడగలేదు, రాసి పెట్టుకోలేదు. తరవాత విచారణలో వాళ్లే ఆ మాట ఒప్పుకున్నారు. కొవ్వు ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుందో లెక్క ఉంది, ఎంత మందాన పూయాలో లెక్క ఉంది. ఆ తూటాను పళ్లతో కొరికి చింపాల్సిన మనిషి సంగతి మాత్రం ఏ లెక్కలోనూ లేదు.

1857 జనవరిలో డమ్‌డమ్‌లోని తుపాకీ శిక్షణ కేంద్రంలో ఒక ఖలాసీ ఒక బ్రాహ్మణ సిపాయిని దాహానికి నీళ్లడిగాడు. సిపాయి తన చెంబు మైలపడుతుందని ఇవ్వనన్నాడు. రేపు ఆవు కొవ్వూ పంది కొవ్వూ పూసిన తూటాలు నోటితో కొరకబోతున్నావు, అప్పుడు నీ కులం ఏమవుతుందని ఖలాసీ ఎదురడిగాడు. ఈ వార్తను కెప్టెన్ రైట్ అనే అధికారి జనవరి 22న పైవారికి రాశాడు. వారం తిరగకముందే, సిపాయిలు తమకు నచ్చిన మైనమో నూనెనో తామే పూసుకోవచ్చని ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. ఆ తరవాత పళ్లతో కొరకక్కర్లేదు, వేళ్లతో చింపితే చాలని డ్రిల్లు కూడా మార్చింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తుపాకీ ఎత్తాడు, ఏప్రిల్ 8న ఆయన్ను ఉరితీశారు. మే నెలలో మీరట్, ఢిల్లీ లేచాయి.

1857కు కారణం కొవ్వు ఒక్కటే అని నేను అనను. భూములు పోయిన కోపం, రాజ్యాలు లాక్కున్న కోపం, జీతం బత్తేల తగాదాలు అన్నీ ఉన్నాయి. అయినా గొట్టంలో మడ్డిని మెత్తబరచడానికి వాడిన పదార్థం ఏమిటో ఎవరూ చెప్పలేకపోవడం నిప్పురవ్వ అయింది. ఆ రోజుల్లో ఉత్తరాదిలో, బెంగాల్లో కంపెనీ సిపాయిలను 'తిలంగా'లనీ 'తెలెంగా'లనీ పిలిచేవారు. వంద ఏళ్ల ముందు, 1756 చివర్లో, కలకత్తాను తిరిగి పట్టుకోవడానికి క్లైవు మద్రాసు నుంచి ఓడల్లో తెచ్చిన సిపాయిల్లో మన తెలుగువాళ్లు ఉండటం వల్ల వచ్చిన పేరది. 1857 నాటికి బెంగాల్ సైన్యంలో ఎక్కువమంది అవధ్, బీహార్ ప్రాంతాల వాళ్లే, అయినా పేరు మాత్రం మిగిలిపోయింది. ఢిల్లీ వీధుల్లో తిరుగుబాటు సిపాయిలను జనం ఆ పేరుతోనే పిలిచారు. కలకత్తాలో ఉంటున్న తెలుగువాడిగా ఈ సంగతి నాకెప్పుడూ గుర్తుకొస్తుంది.

1857 యుద్ధంలో ఎన్‌ఫీల్డ్ వాడిన తెల్ల పటాలాలకు కూడా మడ్డి చుక్కలు చూపించింది. ఎండకు కొవ్వు కరిగి కాగితంలోకి ఇంకిపోయి, గొట్టం బిగుసుకుపోయి, గుండ్లు దిగలేదు. దాని ఫలితంగా తరవాత గుండు వ్యాసాన్ని 568 వేల వంతుల నుంచి 550కి తగ్గించారు. పూతలో మైనం పాలు పెంచి కొవ్వు తగ్గించారు. మైనం ఎండకు తేలిగ్గా కరగదు, ఎవరి మతానికీ అడ్డురాదు. మొదటే ఆ పని చేసి ఉంటే ఎంత బాగుండేది!

ఇక మన కాలానికి దగ్గరగా వద్దాం. కలకత్తాకు ఉత్తరాన హుగ్లీ ఒడ్డునే ఈశాపూర్ ఉంది. 1787లో అక్కడ తుపాకీమందు కర్మాగారం పెట్టారు. నల్ల తుపాకీమందు కాలం చెల్లిపోయాక, అదే స్థలంలో 1904లో రైఫిల్ ఫ్యాక్టరీ వచ్చింది. రెండు ప్రపంచయుద్ధాల్లో మన సైనికుల చేతుల్లో ఉన్న .303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు లక్షల సంఖ్యలో అక్కడ తయారయ్యాయి. ఎన్‌సీసీలో, పోలీసు శాఖలో, హోంగార్డుల్లో పనిచేసిన నా వయసు వాళ్లకు ఆ బరువైన రైఫిల్ బాగా గుర్తుంటుంది. దాని గొట్టంలో ఐదు గాడులు, మెలిక ఎడమ వైపుకు, పది అంగుళాలకు ఒక చుట్టు.

.303లో నల్ల తుపాకీమందు స్థానంలో పొగరాని కార్డైట్ వచ్చింది, సీసపు గుండుకు లోహపు తొడుగు వచ్చింది. దాంతో మడ్డి స్వభావమే మారిపోయింది. ఇప్పుడు గొట్టంలో మూడు రకాల మురికి చేరుతుంది. మందు కాలిన మసి ఒకటి. తొడుగు లోహం రాపిడికి కరుచుకుపోయిన పొర రెండోది. గుండు సెకనుకు 700 మీటర్లకు మించిన వేగంతో గాడులను ఒరుసుకుంటూ పోతుంది కాబట్టి ఈ పొర తప్పదు. మూడోది కంటికి కనిపించదు, కలకత్తాలో అన్నిటికంటే ప్రమాదకరమైనది అదే. నాటి సైనిక తూటాల అడుగున ఉండే ప్రైమర్‌లో, అంటే సూది తగలగానే నిప్పు పుట్టించే చిన్న టోపీలో, పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలితే పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పుగా మారుతుంది. మన వంట ఉప్పుకు దగ్గరి చుట్టం అది.

ఆ ఉప్పు గొట్టం అంతటా సన్నగా పేరుకుంటుంది. గాలిలో తేమ 84 శాతం ప్రాంతానికి చేరగానే నీళ్లు పీల్చుకుని కరుగుతుంది. ఉప్పునీళ్లు తగిలిన ఉక్కు ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. రాజస్థాన్ ఎడారిలో వారం రోజులు కడగకపోయినా నిలిచే గొట్టం, శ్రావణమాసపు కలకత్తాలో ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది. మన విశాఖలోనూ కాకినాడలోనూ మచిలీపట్నంలోనూ అంతే.

చాలామంది శ్రద్ధగల మనుషులే పొరబడే చోటు ఒకటుంది. గొట్టం కాల్చిన వెంటనే బాగా నూనె పట్టిస్తే చాలనుకుంటారు. ఈ ఉప్పు నూనెలో కరగదు. కిరసనాయిల్లో కరగదు, పెట్రోల్లో కరగదు. నూనె కిందే ఉండి తన పని తాను చేసుకుంటుంది. నూనె పొర గుండా తేమ లోపలికి వెళ్లగలదు. మెరుస్తూ కనిపించే గొట్టం లోపల గుంటలు పడుతుంటాయి. ఇలా ఎందుకు జరుగుతోందో చాలా ఏళ్లు ఎవరికీ అంతుపట్టలేదు. పొగరాని మందులోని ఆమ్లాలే కారణమని అనుకున్నారు. అసలు దోషి ప్రైమర్ ఉప్పేనని అమెరికా గనుల శాఖలో విల్బర్ట్ హఫ్ అనే రసాయనవేత్త పరిశోధన చేసి 1920ల మొదట్లో తేల్చాడు.

ఉప్పును కరిగించేది నీళ్లే. ఆ సంగతి కారణం తెలియకముందే సైన్యానికి అనుభవంతో తెలుసు. గొట్టం వెనకవైపు గరాటు పెట్టి కాగే నీళ్లు పోయడం పాత సైనిక నియమం. కాగే నీళ్లే ఎందుకంటే, అవి ఉప్పును తొందరగా కరిగిస్తాయి, గొట్టాన్ని వేడెక్కిస్తాయి. వేడెక్కిన ఉక్కు మీద మిగిలిన తడి దానంతటదే ఆరిపోతుంది. చల్లనీళ్లు పోస్తే ఉప్పు పోతుంది గాని, ఆరబెట్టడం మన పనవుతుంది. ఇనుము మీద నీళ్లా అని కొత్తవాళ్లు భయపడతారు. భయపడాల్సింది మిగిలిపోయిన ఉప్పును చూసి. 1920ల చివర జర్మనీలో ఉప్పు మిగల్చని ప్రైమర్లు బజారుకొచ్చాయి, ఇప్పటి తూటాల్లో చాలావరకు ఆ రకమే. అయినా పాత నిల్వల తూటా అని ఏమాత్రం అనుమానం ఉన్నా నీళ్లతో కడగడమే మంచిది.

తరవాత గుడ్డ. మన దేశంలో సైన్యంలోనూ ఎన్‌సీసీలోనూ దీన్ని 'చింది' అంటారు. గొట్టం తుడవడానికి నాలుగు అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పు. నూనె రాయడానికి వెడల్పు అర అంగుళం తగ్గిస్తారు, ఎందుకంటే నూనె చింది మరీ బిగువుగా ఉంటే నూనెంతా మొదట్లోనే పిండుకుపోతుంది. ఈ చిందిని లాగే తాడును 'పుల్‌త్రూ' అంటారు. ఒక కొసన ఇత్తడి బరువు, తాడుకు మూడు ఉచ్చులు. బరువుకు దగ్గరగా ఉన్న ఉచ్చు తీగవల కోసం, నడిమి ఉచ్చు చింది కోసం, చివరిది చింది ఎక్కడైనా ఇరుక్కుంటే వెనక్కి లాగడం కోసం. తీగవల రోజూ వాడేది కాదు, మొండి మురికి పట్టినప్పుడు, అది కూడా నూనెలో ముంచి వాడేది.

బరువును గొట్టం వెనకవైపు నుంచి జారవిడిచి, మూతి వైపు నుంచి ఒకే ఊపులో లాగాలి. తాడు గొట్టానికి సూటిగా రావాలి. ఒక పక్కకు వాల్చి లాగితే తాడు మూతి అంచును ఒరుస్తుంది. మట్టి అంటిన తాడు ఏళ్ల తరబడి ఒకే చోట ఒరిస్తే ఉక్కులో కూడా గాడి పడుతుంది. గుండును చివరగా వదిలే చోటు మూతి అంచు. అది ఒకవైపు అరిగితే, గుండు బయటపడే క్షణంలో వెనకనున్న గాలి ఒకవైపు నుంచి ముందుగా తన్నుకొచ్చి గుండును పక్కకు నెడుతుంది. గాడులు ఎంత బాగున్నా గురి కుదరదు. కాల్చడం వల్ల చెడిన రైఫిళ్ల కంటే తప్పుగా తుడవడం వల్ల చెడినవే ఎక్కువని తుపాకీలు బాగుచేసేవాళ్లు అంటారు. నేను చూసినంతలో ఆ మాట నిజమే.

లోహపు పొర సంగతి వేరు. అది నీళ్లకూ రాదు, మామూలు నూనెకూ రాదు. రాగిని కరిగించేది అమ్మోనియా. అమ్మోనియా కలిసిన ద్రావకాలు తుపాకీ సామాను దుకాణాల్లో దొరుకుతాయి. తెల్లగుడ్డను అందులో తడిపి గొట్టంలో పోనిచ్చి, కొన్ని నిమిషాలాగి ఇంకో గుడ్డ పంపితే అది నీలంగా వస్తుంది. ఆ నీలం కరిగిన రాగి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఇలాగే చేయాలి. డబ్బా మీద రాసినంతసేపే ఉంచాలి. తొందరగా వదులుతుందని గంటల తరబడి వదిలేస్తే ఉక్కుకే చేటు. ఇత్తడి బ్రష్ వాడితే బ్రష్‌లోని రాగి కూడా నీలంగా కరిగి, గొట్టం ఇంకా మురికిగానే ఉందనిపించేలా చేస్తుంది. కాబట్టి బ్రష్ పని అయ్యాక దాన్ని కడిగి పక్కన పెట్టి, గుడ్డతోనే చూడాలి. కిటికీలు తెరిచి పెట్టుకోండి, చేతులకు తొడుగులు వేసుకోండి. రెండు రకాల ద్రావకాలు ఎప్పుడూ కలపకండి.

నూనె చివరి పని, పలచటి పూత చాలు. ఇంట్లో ఉన్న ఆవనూనె, వేరుశెనగ నూనె, కొబ్బరినూనె రాసేవాళ్లను చూశాను. వంటనూనెలు కొంతకాలానికి చిక్కబడి జిగురవుతాయి, దుమ్ము పట్టేస్తాయి. అవి తుపాకీకి పనికిరావు. తిరిగి కాల్చే ముందు గొట్టంలోని నూనెను పొడి చిందితో పూర్తిగా తీసేయాలి. నూనె నిండిన గొట్టంలో కాలిస్తే ఒత్తిడి పెరుగుతుంది, మొదటి గుళ్లు దారితప్పుతాయి.

ఆటగాళ్ల రైఫిల్ దగ్గరికి వస్తే ఇదంతా కొంచెం మారుతుంది. 50 మీటర్ల పోటీలో వాడేది .22 రైఫిల్, 5.6 మిల్లీమీటర్ల గొట్టం. గుండు సీసానిది, దానిపైన మైనమో కొవ్వో పలచగా పూసి ఉంటుంది. ఎన్‌ఫీల్డ్ తూటాకు పూసిన పూత ఏ పని చేసిందో ఇదీ అదే పని చేస్తుంది. ఇక్కడ గొట్టాన్ని మరీ శుభ్రం చేసినా ఇబ్బందే. తళతళలాడే గొట్టంలో మొదటి కొన్ని గుళ్లు చెదురుతాయి. గొట్టమంతా ఆ మైనం సమంగా పట్టాక గుళ్లు ఒకచోట కుదురుకుంటాయి. అందుకే పోటీ క్రీడాకారులు కాల్చిన ప్రతిసారీ గట్టిగా తోమరు. ఫెల్ట్ బిళ్లలు పంపి మసి తీస్తారు, తూటా కూర్చునే చోటికి కాస్త ముందు గట్టిపడే మసి వలయం మీద మాత్రం కన్నేసి ఉంచుతారు.

ఆ పోటీలో పదో వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. అంటే మన చిటికెనవేలి మందం కంటే తక్కువ. మా కలకత్తా వాడు జయదీప్ కర్మాకర్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల ప్రోన్, అంటే పడుకుని కాల్చే, విభాగంలో నాలుగో స్థానంలో నిలిచాడు. పతకం కొద్దిలో చేజారింది. అదే ఒలింపిక్స్‌లో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు. ఎయిర్ రైఫిల్‌లో మందు లేదు, మసి లేదు, గొట్టంలో పట్టేది సీసపు పొడి ఒక్కటే. దాన్ని తోమరు, ఫెల్ట్ బిళ్లలతో సరిపెడతారు. అంత సన్నటి తేడాలతో పతకాలు తేలే ఆటలో గొట్టం సంరక్షణ సాధనలో భాగమే. మన పిల్లలకు గురి నేర్పే శిక్షకులు దీన్ని కూడా పాఠంగా చెప్పాలి. సీసం విషం కనుక, తుపాకీ పట్టుకున్న చేతులు కడుక్కోకుండా తిండి ముట్టకూడదని అదే పాఠంలో చెప్పాలి.

నేను ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది, నొక్కి చెప్పాలనే ఇక్కడిదాకా ఆగాను. గుడ్డ పట్టుకునే ముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూడండి. మేగజీన్ తీయండి, బోల్టు వెనక్కి లాగండి, ఛాంబర్‌లోకి కంటితో చూడండి, వేలు పెట్టి చూడండి. మూతి ఎవరి వైపూ ఉండకూడదు. తూటాలు వేరే గదిలో ఉండాలి. తుపాకీ తుడుస్తుండగా పేలిందని పేపర్లలో ఇప్పటికీ చదువుతున్నాం. ఖాళీ తుపాకీ పేలదు. చూసుకోకపోవడం వల్లే అలాంటి చావులు జరుగుతున్నాయి.

లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లకు, బ్యాంకుల దగ్గర కాపలా కాసే అన్నలకు, ఎన్‌సీసీ పిల్లలకు నాదొక మనవి. ఎన్నికలప్పుడు తుపాకీ స్టేషన్లో జమచేస్తే అది నెలల తరబడి అక్కడే ఉంటుంది. జమచేసే ముందు గొట్టం కడిగి, ఆరబెట్టి, పలచగా నూనె రాసి ఇవ్వండి. తిరిగి తెచ్చుకున్న రోజే చింది లాగి చూడండి. మీ తుపాకీకి ఏం పూస్తున్నారో, అందులో ఏముందో డబ్బా మీద చదివి తెలుసుకోండి. తెలియకపోతే అడగండి, ఆయుధాల దుకాణం వాళ్లకు చెప్పే బాధ్యత ఉంది.

ఇక వానాకాలం సంగతి. కాల్చిన సాయంత్రమే, ఇంటికి బయల్దేరకముందే గొట్టం శుభ్రం చేయండి. రేపు చేద్దామని వదిలేయకండి. ఒక్కసారితో పని అయిపోయిందనుకోవద్దు. గాడుల్లో దాక్కున్న ఉప్పూ మసీ మర్నాటికి మళ్లీ పైకి తేలుతాయి. అందుకే వరసగా మూడు రోజులు చింది లాగి చూడమని పాత సైనిక నియమం చెబుతుంది. మూడో రోజు గుడ్డ తెల్లగా వస్తే నూనె రాసి తాళం వేయండి. నల్లగానో ఎర్రగానో వస్తే మళ్లీ వేడినీళ్ల దగ్గర నుంచి మొదలుపెట్టండి.